గ్రాంటు ఇచ్చామంటారు, బడ్జెట్లో మిగిలిందంటారు, మరి మా గెడ్డ మీద కల్వర్టు ఏదీ?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది విశాఖలో గోపాలపట్నం వైపు, వీధి చివర గెడ్డ, అంటే వాగు, దాటడానికి పాత కరెంటు స్తంభాలు రెండు అడ్డంగా పడేసి ఉన్నాయి, పిల్లలు స్కూలుకి వాటి మీంచే వెళ్తున్నారు, కల్వర్టు కట్టమంటే మూడేళ్ళుగా ఫండ్స్ లేవంటున్నారు. అదే టైంలో టీవీలో పార్లమెంటు చూస్తే మంత్రిగారు స్థానిక సంస్థలకి లక్షల కోట్లు ఇచ్చామంటారు, ఇంకో ఎంపీగారు లేచి మా రాష్ట్రానికి రావాల్సింది రాలేదంటారు, ఇక్కడ కార్పొరేషన్ బడ్జెట్ వార్త చూస్తే ముగింపు నిల్వ అని కోట్లు మిగిలినట్టు రాశారు. ఇందులో ఎవరిది అబద్ధం, డబ్బు మిగిలితే పని ఎందుకు చెయ్యరు అని మీరడిగారు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు మునిసిపల్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు కంచరపాలెంలో ఉంటున్నాను. ముందు ఒక్కమాట చెప్తాను, మీరు చెప్పిన ముగ్గురూ నిజమే చెప్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో కాలమ్ చదువుతున్నారు అంతే. మీ కల్వర్టు ఆ కాలమ్స్ మధ్య సందులో పడిపోయింది. అది ఎక్కడ పడిందో తెలిస్తే గానీ ఎవర్ని ఏం అడగాలో తెలీదు కాబట్టి కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మంత్రిగారు చదివే కాలమ్ కేటాయింపు. కేంద్రం డబ్బు రాష్ట్రాలకి, స్థానిక సంస్థలకి ఎంతివ్వాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్ళకి దేశం మొత్తం స్థానిక సంస్థలకి 4,36,361 కోట్లు సిఫార్సు చేసింది. అందులో పంచాయతీలకి 2,36,805 కోట్లు, మునిసిపాలిటీలు కార్పొరేషన్లకి 1,21,055 కోట్లు, స్థానిక స్థాయిలో ఆరోగ్యానికి 70,051 కోట్లు, మిగతాది కొత్త నగరాలకి, ఊళ్ళు కలిసి వాడుకునే సేవలకి. అంతకు ముందు 14వ సంఘం ఐదేళ్ళకి ఇచ్చింది 2,87,436 కోట్లు, కాబట్టి బాగా పెంచాం అని మంత్రిగారంటే అది కరెక్టే. ఎంపీగారు చదివేది విడుదల కాలమ్. సిఫార్సు అయినదంతా విడుదల అవ్వదు, దానికి షరతులున్నాయి, షరతు తప్పితే ఆ వాయిదా, అంటే గ్రాంటు కిస్తీ, ఆగిపోతుంది. ఇంక మన ఆఫీసుల్లో చూసేది మూడో కాలమ్, ఖర్చు. విడుదలైనదంతా ఖర్చవ్వదు, ఖర్చయి, డబ్బు దేనికి వాడామో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపకపోతే తర్వాత వాయిదా రాదు. మూడు కాలమ్స్‌లో మూడు అంకెలు, సభలో ఎవరికి అనుకూలమైన అంకె వాళ్ళు చదువుతారు, వినేవాళ్ళకి బుర్ర తిరుగుతుంది.

షరతులు అన్నాను కదా, అవి చిన్నవేం కావు. అకౌంట్లు ఆన్‌లైన్లో జనానికి కనపడేలా పెట్టాలి, ఆడిట్ అయినవి కూడా. మునిసిపాలిటీలకైతే ఇంటి పన్నుకి కనీస రేట్లు నోటిఫై చెయ్యాలి, పన్ను వసూలు కూడా రాష్ట్ర స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ) పెరిగే స్పీడుతో సమానంగా పెరగాలి. రాష్ట్రం తన సొంత ఫైనాన్స్ కమిషన్ వెయ్యాలి, దాని సిఫార్సుల మీద ఏం చేశారో అసెంబ్లీలో పెట్టాలి, 2024 మార్చి లోపల అది జరక్కపోతే గ్రాంటు ఆపమన్నారు. ఈ రాష్ట్ర కమిషన్ అనేది రాజ్యాంగంలో 243-ఐ అధికరణం ప్రకారం ఐదేళ్ళకోసారి వెయ్యాల్సిందే, కానీ చాలా రాష్ట్రాల్లో అది టైంకి వెయ్యరు, వేసినా రిపోర్టు బీరువాలో ఉంటుంది. ఢిల్లీలో ఆర్థిక సంఘం గురించి అరుస్తారు గానీ రాష్ట్రంలో ఉన్న సంఘం గురించి అడిగేవాడే ఉండడు, నా సర్వీసు మొత్తం మీద నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయాల్లో ఇదొకటి.

ఇంకో షరతు, ఎన్నికైన పాలకమండలి ఉండాలి. మన రాష్ట్రంలో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో అయిపోతే మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో 2020 మార్చిలో పెట్టబోయి కరోనా వల్ల వాయిదా పడ్డాయి, అప్పుడు గొడవంతా ఆర్థిక సంఘం డబ్బు మార్చి 31 దాటితే పోతుందనే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, మీకు గుర్తుండే ఉంటుంది. మన విశాఖ సంగతి ఇంకా అన్యాయం. 2007లో ఎన్నికైన కౌన్సిల్ 2012లో దిగిపోయింది, తర్వాత కౌన్సిల్ 2021 మార్చిలో వచ్చింది. తొమ్మిదేళ్ళు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఆ తొమ్మిదేళ్ళల్లోనే భీమిలి, అనకాపల్లి కార్పొరేషన్లో కలిశాయి, హుద్‌హుద్ తుఫాను వచ్చింది, స్మార్ట్ సిటీ వచ్చింది, వీటన్నిటికీ బడ్జెట్ పాస్ చేసినప్పుడు మా వీధి గెడ్డ సంగతేంటి అని లేచి అడగడానికి ఒక్క కార్పొరేటర్ లేడు. ఆఫీసర్లు చెడ్డవాళ్ళని కాదు నేననేది, కానీ ఆఫీసర్‌కి ఓటు భయం ఉండదు.

ఇంక పార్లమెంటు చర్చ గురించి. చాలామంది అనుకునేది ఏంటంటే అక్కడ ఎంపీలు ఓటేసి స్థానిక సంస్థల డబ్బు పెంచడమో తగ్గించడమో చేస్తారని. కాదు. ఆర్థిక సంఘం గ్రాంట్లు రాజ్యాంగం 275వ అధికరణం కింద వస్తాయి, అది భారత సంచిత నిధి, అంటే కేంద్రం ఖజానా, మీద నేరుగా భారం వేసిన ఖర్చు. అలాంటి ఖర్చు మీద చర్చ చెయ్యొచ్చు గానీ ఓటింగ్ ఉండదు, 113వ అధికరణంలో అదే ఉంది. జడ్జీల జీతాలు ఎలాగో ఇదీ అలాగే. ఓటు ఉండేది మంత్రిత్వ శాఖల డిమాండ్ల మీద, అంటే నగరాల నీటి సరఫరాకి ఇచ్చే అమృత్ లాంటి పథకాల డబ్బు మీద. అక్కడ లోక్‌సభ ఎంపీ కోత తీర్మానం ఇవ్వొచ్చు. విధానమే నచ్చలేదంటే డిమాండ్‌ని ఒక్క రూపాయికి తగ్గించమంటాడు, ఏదో ఒక ఫిర్యాదు చెప్పుకోవాలంటే వంద రూపాయలు తగ్గించమంటాడు, మూడోది పొదుపు కోత, ఫలానా ఖర్చు దండగ, ఇంత మొత్తం తగ్గించండి అని అంకె వేసి అడగడం. నాకు తెలిసి పార్లమెంటు చేతిలో ఉన్న వాటిల్లో అసలైన పొదుపు ఆయుధం ఇదే, కానీ గవర్నమెంటుకి మెజారిటీ ఉన్నంతకాలం నెగ్గదు, పైగా చాలా శాఖల డిమాండ్లు చర్చ లేకుండానే ఆఖరి రోజు గిలెటిన్ కింద గుండుగుత్తగా పాసైపోతాయి.

అందుకే సభలో పనికొచ్చేది ఉపన్యాసం కంటే ప్రశ్న అంటాను. ప్రశ్నకి జవాబు రాతలో వస్తుంది, రాష్ట్రాల వారీగా సిఫార్సు ఎంత, విడుదల ఎంత అని పట్టిక జత చేస్తారు, రాతలో ఇచ్చినదానికి మంత్రి బాధ్యుడు. మన ఎంపీని కలిసినప్పుడు కల్వర్టు కట్టించండి అని అడగడంతో పాటు ఈ ప్రశ్న వెయ్యండి అని కూడా అడగండి, ఏ వాయిదా ఏ షరతు వల్ల ఆగింది అని. ఆ ఒక్క ముక్క తెలిస్తే ఇక్కడ మనం ఎవరి తలుపు కొట్టాలో తెలుస్తుంది.

పొదుపు పేరుతో ఢిల్లీలో తీసిన డబ్బు ఇక్కడ ఎలా తగులుతుందో చెప్పాలంటే 2020 గుర్తు చేసుకోండి. కరోనా ఖర్చుకని ఎంపీ నిధులు రెండేళ్ళు ఆపాలని నిర్ణయించారు, ఆ 7,900 కోట్లు సంచిత నిధికి మళ్ళిస్తామన్నారు, రెండేళ్ళు నిండకముందే 2021 నవంబర్లో మళ్ళీ మొదలెట్టారు. అప్పటి పరిస్థితికి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, ఆసుపత్రులకి డబ్బు కావాలి. కానీ ఎంపీకి ఏడాదికి వచ్చే 5 కోట్లు దేశం లెక్కలో దుమ్ముతో సమానం, మీలాంటి వీధికి మాత్రం కల్వర్టు, కమ్యూనిటీ హాలు, బోరు అన్నీ దాంట్లోంచే. అక్కడ ఒక్క లైను కొట్టేస్తే ఇక్కడ స్తంభాల మీద నడిచే పిల్లలు ఇంకో రెండేళ్ళు నడుస్తారు.

ఇప్పుడు మన విశాఖకొచ్చిన డబ్బు సంగతి. పది లక్షల జనాభా దాటిన నగరాల్ని 15వ సంఘం వేరే బుట్టలో పెట్టింది, మన రాష్ట్రంలో అవి విశాఖ, విజయవాడ. దేశం మొత్తం మీద ఆ బుట్టకి 38,196 కోట్లు. ఆ ఐదేళ్ళ లెక్క ప్రకారం చిన్న మునిసిపాలిటీలకైతే వచ్చేదాంట్లో నూటికి 40 స్వేచ్ఛగా వాడుకోవచ్చు, మిగతా 60 తాగునీరు, పారిశుధ్యం మీదే పెట్టాలి. మనలాంటి పెద్ద నగరాలకి ఆ 40 కూడా లేదు. మొత్తం పేరు రాసిన డబ్బే. మూడో వంతు గాలి కాలుష్యం తగ్గించడానికి, మిగతా రెండు వంతులు నీటి సరఫరా, పారిశుధ్యం, చెత్త నిర్వహణకి. రోడ్లు ఊడ్చే మిషన్లు కొనొచ్చు, కాపులుప్పాడ డంపింగ్ యార్డు చెత్తకి ఖర్చు పెట్టొచ్చు, పైపులైన్లు వెయ్యొచ్చు. మీ కల్వర్టుకి అందులోంచి తీస్తే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు, సంతకం పెట్టినవాడి పెన్షన్ ఆగుతుంది. కాబట్టి ఇంజనీర్ గారు ఫండ్స్ లేవు అంటే మీకు అబద్ధంలా వినపడుతుంది గానీ ఆయన అనేది కల్వర్టు పేరు రాసిన ఫండ్ లేదని. ఆ వివరం ఆయన మీకు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీకింత మంట ఉండేది కాదు, చెప్పకపోవడం మాత్రం ఆయన తప్పే.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను, మిగులు. మనింట్లో పొదుపు అంటే బియ్యం, పాలు, ఫీజులు అన్నీ అయ్యాక చేతిలో మిగిలింది. గవర్నమెంటు పుస్తకంలో సేవింగ్స్ అంటే ఆ అర్థం కాదు. సభ ఇంత ఖర్చు పెట్టుకోమని మంజూరు చేసింది, ఇంత ఖర్చయింది, తేడా సేవింగ్స్. అంతే. తేడా ఎందుకొచ్చిందో ఆ మాట చెప్పదు. తక్కువ ధరకి పని పూర్తయినా సేవింగ్సే, పని మొదలే పెట్టకపోయినా సేవింగ్సే. కేంద్రంలో ఒక గ్రాంటు కింద వంద కోట్లు దాటి ఇలా మిగిలితే పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వివరణ ఇచ్చుకోవాలి, అంటే డబ్బు మిగలడాన్ని పార్లమెంటు గొప్పగా చూడదు, అనుమానంగా చూస్తుంది, మీరు అడిగిన పని ఎందుకు చెయ్యలేదు అని. టీవీ చర్చల్లో మాత్రం ఇన్ని కోట్లు ఆదా చేశాం అని చెప్పుకుంటారు, ఎదుటివాళ్ళకి ఈ తేడా తెలీక చప్పట్లు కొడతారు.

నా సర్వీసులో ఒకటి చెప్తాను. ఉత్తరాంధ్రలోనే ఒక చిన్న మునిసిపాలిటీ, పేరు అనవసరం. అక్కడా ఇలాగే ఒక చిన్న కల్వర్టు, శాంక్షన్ అయింది, కాంట్రాక్టర్ స్లాబు వేసేశాడు, ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కాయి, బిల్లు నా టేబుల్ మీదకి వచ్చేసరికి మార్చి 29. నేను ఆ రాత్రే చూసి పంపించా. ట్రెజరీలో అబ్జెక్షన్, కొలతల పేజీలో ఒక దిద్దుబాటు దగ్గర డీఈ (డిప్యూటీ ఇంజనీర్) ఇనీషియల్ లేదు. డీఈ గారు ఆ రోజు పెళ్ళికి పక్క జిల్లా వెళ్ళారు. 31 మధ్యాహ్నానికి తిరిగొచ్చి సంతకం పెట్టారు, అటెండర్ స్కూటర్ మీద ఎం-బుక్కు పట్టుకెళ్ళాడు, క్యూలో నలభై బిల్లులున్నాయి, రాత్రి పదకొండుకి కౌంటర్ మూసేశారు. కాంట్రాక్టర్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, కూలీలకి ఉగాది లోపు ఇస్తానని మాటిచ్చాడట, సిమెంటు మరకలున్న చెప్పులు పక్కన పెట్టుకుని నా మొహం చూస్తూ ఏమీ అడగలేదు. ఆ పద్దు ల్యాప్స్ అయింది, అంటే ఏడాది దాటి ఆ మంజూరు చెల్లకుండా పోయింది. తర్వాత ఏడాది బడ్జెట్ మీటింగులో పోయినేడాది ఇంత మిగిల్చాం అని చదివిన మొత్తంలో ఆ కల్వర్టు డబ్బు కూడా ఉంది, ఆ లెక్క కట్టింది నేనే. కౌన్సిలర్లు బల్లలు చరిచారు. ఆ బిల్లు మళ్ళీ కొత్త పద్దులో శాంక్షన్ తెచ్చుకుని పాసయ్యేసరికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఆ ఊళ్ళో చిన్న పనులకి టెండర్ పిలిస్తే మొదట ఒక్కడు కూడా వెయ్యలేదు, తర్వాత వేసినవాళ్ళు లేటు పేమెంట్ ఖర్చు కూడా కలిపి రేటు వేశారు. ఆ మిగులు వల్ల మాకు అయిన నష్టం ఏ పద్దులోనూ కనపడదు.

అప్పటినుంచి ఎక్కడ మిగులు అన్న మాట విన్నా నేను అడిగేది ఒకటే, ఏ పని ఆగితే మిగిలింది?

మీరు చూసిన ముగింపు నిల్వకీ ఇదే. కార్పొరేషన్ బడ్జెట్లో మొదట ప్రారంభ నిల్వ, దానికి జమలు కలిపి, ఖర్చులు తీసేసి, చివర ముగింపు నిల్వ చూపిస్తారు. ఆ చివరి అంకెలో ఏమేం ఉంటాయో చెప్తాను. పథకాల డబ్బు, అంటే నీళ్ళకని వచ్చి నీళ్ళకే పెట్టాల్సింది. కాంట్రాక్టర్లు టెండర్ వేసేటప్పుడు కట్టిన ఈఎండీ డిపాజిట్లు, బిల్లుల్లోంచి పట్టుకున్న డిపాజిట్లు, అవి వాళ్ళకి తిరిగివ్వాల్సినవి. పని అయిపోయి బిల్లు ఇంకా పాస్ కానివి, అది పేరుకే నిల్వ, నిజానికి బాకీ. ఇవన్నీ తీసేస్తే మిగిలేది సాధారణ నిధి, అందులోంచి శానిటేషన్ వాళ్ళ జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, నీళ్ళు పంపు చేసే కరెంటు బిల్లు ముందు పోతాయి. ఆపైన మిగిలింది వార్డు పనులకి. మీ కల్వర్టు క్యూలో ఉండేది అదిగో ఆ చివరి ముక్క దగ్గర, మిగతా 97 వార్డులతో కలిసి. అందుకని బడ్జెట్ వార్తలో పెద్ద అంకె చూసి కోప్పడకండి, సాధారణ నిధిలో నికరంగా ఎంతుంది, పెండింగ్ బిల్లులు ఎంత అని ఈ రెండు అడగండి. మీ కార్పొరేటర్ కౌన్సిల్లో ఈ రెండు అడిగితే చాలు, గంటసేపు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

పొదుపు అంటే అన్నీ దొంగ లెక్కలే అని నేననట్లేదు, నిజమైన పొదుపు మన ఊళ్ళోనే చూశాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైపోయింది, స్తంభాలు నేలకొరిగాయి. ఆ తర్వాత 90 వేలకి పైగా వీధి దీపాలు ఎల్ఈడీలకి మార్చారు. పెట్టుబడి కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ పెట్టింది, తగ్గిన కరెంటు బిల్లులోంచి వాయిదాల్లో తిరిగి తీసుకునే పద్ధతి. వెలుగు తగ్గలేదు, ఇంకా పెరిగింది, బిల్లు తగ్గింది. ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ళ మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతుంటాయి చూడండి, అదీ అంతే. పని ఆగకుండా ఖర్చు తగ్గితే దాన్ని పొదుపు అనాలి, నేనైతే దానికి దణ్ణం పెడతాను.

మధ్యరకం ఇంకోటి ఉంది, టెండర్ లెస్. ఉదాహరణకి మీ కల్వర్టుకి పది లక్షల ఎస్టిమేట్ అనుకోండి, కాంట్రాక్టర్ నూటికి ఇరవై తక్కువకి వేశాడు, రెండు లక్షలు ఆదా అని ఫైల్లో రాస్తారు. ఆ రెండు లక్షలు ఎస్టిమేట్ ఎక్కువేసినందువల్ల వచ్చాయా, వాడు ఇసుక సిమెంటు పాళ్ళలో తగ్గించబోతున్నాడా అన్నది స్లాబు వేసే రోజు అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మరీ తక్కువకి వేస్తే అదనపు డిపాజిట్ కట్టించుకోవాలని రూలు ఉంది, అది కట్టించుకున్నారో లేదో చూడాలి. తక్కువకి వేసి సగంలో ఒగ్గేసిన పనులు నేను చాలా చూశా, ఇనప చువ్వలు బయటికి పొడుచుకుని తుప్పు పట్టిపోయి, ఆ పని మళ్ళీ మొదలెట్టడానికి మొదటి ఎస్టిమేట్ కంటే ఎక్కువైంది.

ఇంకోటి, ఢిల్లీ డబ్బు గురించే మాట్లాడుకుంటే మనకి బలం రాదు. రిజర్వ్ బ్యాంక్ 2024లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం దేశంలో మునిసిపల్ కార్పొరేషన్లన్నిటి రెవెన్యూ కలిపినా జీడీపీలో 0.6 శాతం దగ్గరే ఉంది. 1992లో 74వ సవరణ చేసి పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీళ్ళు, మురికివాడలు అని పద్దెనిమిది బాధ్యతలు 12వ షెడ్యూల్లో రాశారు, బాధ్యతలు రాశారు గానీ వాటికి సరిపడా పన్నులు రాయలేదు, ఏ పన్ను ఇవ్వాలో రాష్ట్రం ఇష్టానికి వదిలేశారు. మనకి మిగిలింది ముఖ్యంగా ఇంటి పన్ను. 2020లో చట్టం మార్చి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద పన్ను వేసే పద్ధతి తెచ్చారు, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. ఆ మార్పు చేసినందుకు రాష్ట్రానికి అదనంగా అప్పు తెచ్చుకునే అనుమతి వచ్చింది, గమనించండి, పన్ను కట్టేది మీరు నేను, అప్పు వెసులుబాటు రాష్ట్రానికి. చెత్త పన్ను వేశారు, జనం ఒప్పుకోలేదు, 2024లో ఎత్తేశారు, జనం మీద భారం తగ్గింది నిజమే, కానీ చెత్త బళ్ళ ఖర్చు పోలేదు కదా, అది సాధారణ నిధి మీద పడుతుంది, అంటే మీ కల్వర్టు ఉన్న క్యూ మీద.

మధురవాడలో ఎవరైనా ఫ్లాట్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కాకుండా నూటికి రూపాయిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కడతారు, చాలామందికి అది గవర్నమెంటు డబ్బు అనిపిస్తుంది. కాదు, అది స్థానిక సంస్థలకి చెందాల్సింది. రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేస్తుంది, అక్కణ్ణుంచి టైంకి మన ఖాతాలో పడాలి. ఆలస్యమైతే ఎవరూ రోడ్డెక్కరు, ఎందుకంటే అది మనదని ఎవరికీ తెలీదు. పంచాయతీల్లో 2021లో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బాకీలకి సర్దుబాటు చేస్తే సర్పంచులకి తెలిసింది కాబట్టి గొడవ చేశారు. తెలిసిన డబ్బు గురించే గొడవ జరుగుతుంది బాబూ.

మీ గెడ్డ దగ్గరికి వస్తాను. ముందుగా ఆ గెడ్డ ఎవరిదో కనుక్కోండి. రెవెన్యూ రికార్డులో పోరంబోకా, ఇరిగేషన్ వాళ్ళ కింద ఉందా, పక్కన రైల్వే స్థలం తగులుతుందా, మీ ఏరియాలో అది చాలా చోట్ల తగులుతుంది. వేరే శాఖదైతే వాళ్ళ ఎన్ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదనే కాగితం, లేకుండా కార్పొరేషన్ ఇటుక పెట్టదు, మూడేళ్ళుగా ఫండ్స్ లేవు అన్న మాట వెనక అసలు కారణం ఇదే అయ్యుండొచ్చు, నేను అలాంటివి చాలా చూశా, ఎన్ఓసీ లేదని చెప్తే మళ్ళీ ఎవరు తెస్తారని అడుగుతారు కాబట్టి ఫండ్స్ లేవు అని పంపించేస్తారు.

తర్వాత వార్డు సచివాలయంలో ఇంజనీరింగ్ పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీని కలిసి అసలు ఎస్టిమేట్ వేశారా లేదా అడగండి. నోటి జవాబు వద్దు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి, అందులో నాలుగే అడగండి: ఈ కల్వర్టుకి ఎస్టిమేట్ తయారైందా, అయితే తేదీ, మొత్తం. పరిపాలనా ఆమోదం వచ్చిందా. ఏ నిధి కింద ప్రతిపాదించారు. గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో మీ వార్డుకి సాధారణ నిధి నుంచి మంజూరైన పనులు, అందులో మొదలుకానివి ఏవి. ఎందుకు కట్టలేదు అని అడక్కండి, ఎందుకు అన్నదానికి ఆ చట్టంలో జవాబు రాదు, కాగితం మీద ఉన్నదే వస్తుంది. నాలుగో ప్రశ్న చాలా ముఖ్యం, మీ వార్డులో మొదలుకాని పని డబ్బు ఎక్కడైతే ఉందో అదే మీకు మిగులు పేరుతో కనపడింది. ఆ పనికి అడ్డంకి తీరేలా లేకపోతే దాన్ని రద్దు చేసి ఆ మొత్తం మీ కల్వర్టుకి మార్చమని కార్పొరేటర్ చేత రాయించొచ్చు.

అర్జీ ఇవ్వడానికి డిసెంబర్ దాటనివ్వకండి. బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యేది అప్పుడే, ఫిబ్రవరి మార్చిలో కౌన్సిల్ దగ్గరికి వెళ్ళేసరికి అంకెలు గట్టిపడిపోతాయి. ఎంపీ నిధులకి కూడా సమాంతరంగా ఒక అర్జీ పెట్టండి, కల్వర్టు లాంటి పనికి ఆ నిధి పనికొస్తుంది, దానికి ఎస్టిమేట్ కాపీ జత చేస్తే వేగంగా కదులుతుంది. సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళేటప్పుడు ఆ స్తంభాల మీద పిల్లలు దాటుతున్న ఫోటో, వర్షం రోజు తీసింది, తేదీ కనపడేలా పట్టుకెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, ఆ స్కూలు పిల్లల తల్లుల్ని నలుగుర్ని తీసుకెళ్ళండి.

ఆర్టీఐ జవాబు వచ్చాక కాగితాలు అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, ఎం-బుక్కు నంబర్లు, పద్దు కోడ్లు నేను చదివి చెప్తాను. ఈలోపు వానలు వచ్చేలోపే ఆ స్తంభాలకి ఒక పక్కన తాడో పైపో కట్టించండి, దానికి ఏ శాంక్షనూ అక్కర్లేదు.